అకామా పేరు మనది – అధికారం కఫీల్‌ది

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసి అడిగారు. 'విద్య యొక్క ప్రాముఖ్యత' మీద రాస్తే బాగుంటుందన్నారు. ఆ విషయం మీద ప్రతి సంచికలోనూ రెండు మూడు వ్యాసాలు ఉంటూనే ఉంటాయి. తొమ్మిదో తరగతిలో నేను రాసింది కూడా అదే. అందుకని సార్‌ను ఒప్పించి వేరే సంగతి రాస్తున్నాను. ఇది మనలో చాలామంది ఇళ్లల్లో ఉన్న సంగతే, కానీ మనం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. అదే గల్ఫ్ దేశాల్లో పని పర్మిట్, మనవాళ్ల భాషలో అకామా.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో పద్దెనిమిది మందిమి. అందులో ఏడుగురి నాయినలు గల్ఫ్‌లో ఉండేవారు. సౌదీలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా ఊళ్లో అందరికీ అది దుబాయే. శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు సాయంత్రం వార్డెన్ సార్ సెల్‌కు పొడుగు నంబర్ల నుంచి వరుసగా ఫోన్లు వచ్చేవి. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. 'అన్నం తిన్నవా, మంచిగ చదువుతున్నవా' అని అడిగేసరికి ఆ రెండు నిమిషాలూ అయిపోయేవి.

2013 దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి మా నాయిన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వస్తున్నట్టు ముందు చెప్పలేదు. అత్తరు సీసాలు లేవు, దుప్పట్లు లేవు, చాక్లెట్లు లేవు. పాస్‌పోర్టు కూడా లేదు. ఎంబసీ ఇచ్చిన అవుట్‌పాస్ మీద వచ్చాడు. అమ్మ అడిగితే 'కఫీల్ హురూబ్ కొట్టిండు' అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడు. ఆ మాటకు అర్థం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసింది ఎం.ఏ. ఎకనామిక్స్‌లో వలసల మీద ప్రాజెక్టు చేస్తున్నప్పుడు, అంటే పదేళ్ల తర్వాత. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేనే. ఆ చదువు వల్ల నాకు అర్థమైనంత వరకు మీకు చెబుతాను. తప్పులుంటే గల్ఫ్ పోయివచ్చిన అన్నలు సరిదిద్దాలి.

పర్మిట్ ఎవరి చేతిలో ఉంది?

గల్ఫ్‌లో పనికి పోయిన పరాయి దేశస్థుడు అక్కడ ఉండాలంటే ఆ దేశపు పౌరుడో కంపెనీయో అతనికి పూచీ పడాలి. పూచీ పడినవాణ్ని కఫీల్ అంటారు, ఆ పద్ధతిని కఫాలా అంటారు. వీసా తీసేది కఫీల్. దిగిన తర్వాత అకామా చేయించేది కఫీల్. గడువు తీరితే రెన్యువల్ చేయించాల్సింది కూడా కఫీలే. కార్డు మీద ఫోటో మనది, పేరు మనది. కానీ ఆ కార్డు బతికి ఉండాలా చచ్చిపోవాలా అన్నది మాత్రం మన చేతిలో లేదు.

ఇందులో కష్టం ఏమిటో ఇక్కడి కూలిపనితో పోల్చి చూస్తే తెలుస్తుంది. కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో మేస్త్రీ కూలి ఎగ్గొడితే మరునాడు ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతాం. వారం కూలి పోతుంది, అంతే. దేశంలో ఉండే హక్కు పోదు. అక్కడ అలా కాదు. కఫీల్‌ను వదిలి బయటికి వచ్చిన మనిషికి పని పోతుంది, రూము పోతుంది, దవాఖానకు పోతే చూపించే కార్డు పోతుంది, దేశంలో ఉండే అనుమతి కూడా పోతుంది. ఇంకోచోట పనిచేసుకుంటే అది నేరం. కాబట్టి జీతం నాలుగు నెలలు ఆపినా ఐదో నెల కూడా పనికి పోతాడు. బయటివాళ్లకు ఇది అమాయకత్వంలా కనిపిస్తుంది. మా నాయిన మీద నాకు కూడా చాలాకాలం ఆ కోపమే ఉండేది.

హురూబ్ అంటే అరబ్బీలో పారిపోవడం. 'నా మనిషి పారిపోయాడు' అని కఫీల్ నమోదు చేయిస్తే అకామా పనికిరాకుండా పోతుంది. నిజంగా పారిపోయాడా, జీతం అడిగినందుకు పగబట్టి పెట్టారా అన్నది తర్వాతి మాట. చాలామందికి తమ మీద హురూబ్ ఉన్నట్టు పోలీసులు కార్డు అడిగిన రోజే తెలుస్తుంది. అట్లా కాగితాలు లేకుండా అయినవాళ్లను మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. అది అరబ్బీలో 'పోనియ్యి, వదిలెయ్' అన్నట్టు తేలిగ్గా అనే మాటట.

పాస్‌పోర్టు తీసి దగ్గర పెట్టుకోవడం ఈ దేశాల చట్టాల ప్రకారం తప్పే. అయినా దిగిన రోజే తీసేసుకోవడం మామూలు. 'పోగొట్టుకుంటావు, మా దగ్గరుంటే భద్రం' అంటారు.

ఆజాద్ లేని ఆజాద్ వీసా

మా నాయిన 2010లో పోయాడు. ఏజెంటు ఇప్పించింది 'ఆజాద్ వీసా'. ఆజాద్ అంటే స్వేచ్ఛ కదా, ఎక్కడైనా పనిచేసుకోవచ్చని ఏజెంటు చెప్పాడు. అసలు అటువంటి వీసా ఏ చట్టంలోనూ లేదు. వీసాలో ఉన్నది ఎవరో కఫీల్ దగ్గర మజ్రా పని, అంటే తోటపని. ఆ కఫీల్‌ను మా నాయిన మూడేళ్లలో రెండుసార్లు చూశాడు, తోటను ఒక్కసారి కూడా చూడలేదు. చేసింది రియాద్‌లో బిల్డింగుల దగ్గర హెల్పర్ పని. కాగితం మీద ఒకరి మనిషి, పని ఇంకొకరి దగ్గర. అంటే విమానం దిగిన వారానికే ఆయన చట్టం దృష్టిలో తప్పు చేసినవాడయ్యాడు, ఆ సంగతి ఆయనకు తెలియదు.

లెక్క చెబుతాను, ఎకనామిక్స్ చదివాను కాబట్టి. వీసాకు 1,20,000 రూపాయలు. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు మిత్తే 3,600. జీతం 1,200 రియాళ్లని చెప్పి 800 ఇచ్చారు. అప్పట్లో రియాలుకు దాదాపు 12 రూపాయలు వచ్చేవి, అంటే 9,600. తిండికి పోగా ఏడు వేలు పంపితే సగం మిత్తికే పోయేది. దీనిమీద ఏడాదికి 3,000 రియాళ్లు అకామా రెన్యువల్ కోసం కఫీల్‌కు కట్టాలి. తన కూలి తాను చేసుకోవడానికి తన పేరుకు అద్దె కట్టుకున్నట్టు. మూడో ఏడు కాంట్రాక్టరు ఐదు నెలల జీతం ఆపాడు. లేబర్ ఆఫీసుకు పోదామంటే 'నీ కఫీల్ ఎవరు, ఇక్కడెందుకు పనిచేస్తున్నావు' అని మొదటి ప్రశ్న వస్తుంది. అందుకని పోలేదు. కఫీల్‌కు డబ్బు కట్టలేకపోయాడు. హురూబ్ పడింది.

అదే ఏడాది సౌదీ ప్రభుత్వం గట్టి తనిఖీలు మొదలుపెట్టింది. 2011లో తెచ్చిన నితాఖత్ పథకం తమ దేశస్థులకు ఉద్యోగాలు ఇవ్వడానికి ఉద్దేశించింది. 2013లో దానితో పాటే, కఫీల్ దగ్గర కాకుండా బయట పనిచేసేవాళ్లను పట్టుకోవడం మొదలైంది. ఏప్రిల్‌లో క్షమాభిక్ష ప్రకటించి, గడువును నవంబర్ 3 వరకు పొడిగించారు. ఆ నెలల్లో లక్షకు పైగా భారతీయులు తిరిగి వచ్చారు. మా నాయిన వాళ్లలో ఒకడు. సౌదీ చట్టం ప్రకారం పని ముగిసి వచ్చేటప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం చొప్పున సర్వీసు డబ్బులు లెక్కగడతారు. ఆ సంగతి నేను చదివి చెప్పినప్పుడు మా నాయిన నవ్వాడు. ఎవరిని అడగాలి? కాగితం మీద కఫీల్ పని ఇవ్వలేదు, పని ఇచ్చినవాడు కాగితం మీద లేడు.

ఏజెంటు లేని చోట ఎట్లా ఉంది?

ఇదంతా ఏజెంటు మోసం వల్లే అని మా ఊళ్లో అంటారు. నేను కూడా అట్లాగే అనుకున్నాను. కానీ ప్రాజెక్టు కోసం దక్షిణ కొరియా గురించి చదివాక ఆ అభిప్రాయం మారింది. అక్కడ ఈ పద్ధతి పేరే 'ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ సిస్టమ్'. 2003లో చట్టం చేసి 2004 ఆగస్టు నుంచి అమలు చేశారు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, కంబోడియా, వియత్నాం వంటి దేశాలతో ప్రభుత్వాలే ఒప్పందం చేసుకుంటాయి. మన దేశం ఆ జాబితాలో లేదు. కొరియన్ భాష పరీక్ష పాసవ్వాలి, ప్రైవేటు ఏజెంటుకు చోటు లేదు, జీతం అక్కడివాళ్లకున్న కనీస వేతన చట్టం ప్రకారమే. గల్ఫ్‌తో పోలిస్తే ఇది స్వర్గంలా కనిపిస్తుంది.

కానీ పేరును జాగ్రత్తగా చూడండి. అది కార్మికుడికి పనిచేయడానికి ఇచ్చే పర్మిట్ కాదు, యజమానికి విదేశీ కార్మికుణ్ని పెట్టుకోవడానికి ఇచ్చే పర్మిట్. మూడేళ్లలో మూడుసార్లకు మించి పనిచోటు మారడానికి వీల్లేదు. ఆ మూడుసార్లు కూడా యజమాని ఒప్పుకోవాలి, లేదా యజమాని తప్పు చేశాడని కార్మికుడే చూపించాలి. బయటికి వచ్చాక మూడు నెలల్లో కొత్త పని దొరక్కపోతే దేశం విడిచిపోవాలి. ఈ నిబంధన అన్యాయమని వలస కార్మికులు అక్కడి రాజ్యాంగ న్యాయస్థానానికి పోయారు. 2011లో ఒకసారి, 2021 డిసెంబర్‌లో మరోసారి కోర్టు నిబంధన సరైనదేనని చెప్పింది. 2020 డిసెంబర్ చలిలో పోచెయాన్ అనే చోట ఒక కంబోడియా మహిళ పాలీహౌస్‌లో కట్టిన వసతి గదిలో చనిపోయింది. ఆ తర్వాతే అటువంటి వసతి చూపించే రైతులకు పర్మిట్ ఇవ్వకూడదనే నిబంధన వచ్చింది. అక్కడి వలస కార్మికుల యూనియన్ అడిగేది ఒక్కటే: పర్మిట్ యజమానికి కాదు, మాకివ్వండి.

కాబట్టి కార్మికుడి కాళ్లకు రెండు ముళ్లున్నాయి. ఒకటి అప్పు, రెండోది పర్మిట్. కొరియా మొదటి ముడిని చాలావరకు విప్పి రెండోదాన్ని అట్లాగే ఉంచింది. గల్ఫ్‌లో రెండూ ఉన్నాయి. ఒకదాన్ని విప్పితే రెండోది బిగుసుకుంటుంది. ఖతార్‌లో జరిగింది చూస్తే ఇది తెలుస్తుంది.

ఖతార్‌కు 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఇచ్చింది 2010లో. అప్పటినుంచి ప్రపంచమంతా ఆ దేశం వైపు చూసింది కాబట్టి చట్టాలు మార్చక తప్పలేదు. దేశం విడిచిపోవడానికి యజమాని అనుమతి కావాలనే నిబంధనను 2018లో ఎక్కువమందికి, 2020లో ఇంటిపనివాళ్లకు కూడా తీసేశారు. 2020లోనే, పని మారాలంటే పాత యజమాని నుంచి ఎన్‌ఓసీ తేవాలనేది తీసేశారు. 2021 మార్చి నుంచి నెలకు కనీస వేతనం 1,000 రియాళ్లు, వసతి ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300. చట్టం మంచిదే. కానీ కొత్త కంపెనీకి పోతానని చెప్పినవాడి మీద పాత కంపెనీ పారిపోయాడని కేసు పెట్టడం ఆగలేదు. పైగా రెండు లక్షల అప్పుతో పోయినవాడు ఒక్క నెల జీతం లేకుండా కొత్త పని వెతుక్కోగలడా? చట్టం ఇచ్చిన హక్కును మిత్తి వాడుకోనివ్వదు.

సౌదీ కూడా 2021 మార్చిలో మారింది. ఏడాది పనిచేసినవాడు యజమాని ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారవచ్చు, సెలవు మీద ఇంటికి రావడానికి తానే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవచ్చు. అయితే ఇంటిపనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, తోటపనివాళ్లు, గొర్లు మేకలు కాసేవాళ్లు ఇందులోకి రాలేదు. మనవాళ్లు ఎక్కువగా పోయే పనులు అవే కదా! మా నాయిన వీసా ఈ సంస్కరణ తర్వాత తీసినా పాత కథే జరిగేది. కువైట్ వెనక్కి కూడా నడిచింది. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు కంపెనీల్లోని విదేశీ కార్మికులు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ చూపించాలి.

కువైట్ అంటే ఇంటిపనికి పోయే ఆడవాళ్ల సంగతి చెప్పాలి. మన జిల్లాల నుంచి మగవాళ్లు పోతే, కడప, కోనసీమ వైపు నుంచి అమ్మలు పోతారు. వాళ్ల వీసా 20వ నంబరు, కంపెనీ వీసా 18వ నంబరు. 2015లో ఇంటిపనివాళ్ల కోసం కువైట్ ప్రత్యేక చట్టం చేసి, 12 గంటల పని, వారానికొక సెలవు అని రాసింది, 2016లో నెలకు కనీసం 60 దినార్లని నిర్ణయించింది. కానీ ఇంటి తలుపు వెనుక గంటలు లెక్కపెట్టేదెవరు? 20 నుంచి 18కి మారడానికి మామూలుగా అనుమతి లేదు. 2024లో రెండు నెలలు అవకాశమిచ్చారు, దానికీ యజమాని ఒప్పుకోవాలి.

పదో తరగతి మెమో తెచ్చిన చిక్కు

ఇప్పుడు మనకు సూటిగా సంబంధించిన విషయం. తమ్ముళ్లు ఇది శ్రద్ధగా చదవాలి. మన దేశంలో పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. కాంట్రాక్టు ఈ-మైగ్రేట్‌లో ఎక్కాలి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేకుండా అయినా 10 లక్షలు వస్తాయి. పదో తరగతి పాసైతే ఇవేవీ తప్పనిసరి కాదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తాను చూసుకోగలడని ప్రభుత్వం అనుకుంటుంది.

మన హాస్టల్ నుంచి పదో తరగతి పాసై, ఇంటర్ తప్పి, గల్ఫ్ పోయినవాళ్లు నా బ్యాచ్‌లోనే నలుగురు. పనిలో వాళ్లకూ మా నాయినకూ తేడా లేదు, అదే ఇటుక, అదే సిమెంటు. కానీ వాళ్ల కాంట్రాక్టు ఎక్కడా నమోదు కాలేదు, వాళ్లకు బీమా లేదు. మనం కష్టపడి సంపాదించిన మెమో మనల్ని ప్రభుత్వ రికార్డు నుంచి తప్పించింది. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకునేవాళ్లది కూడా ఇదే పరిస్థితి. చదువు ప్రాముఖ్యత మీద రాయనన్నాను గానీ, ఈ ఒక్క పాయింటు మాత్రం ఆ వ్యాసంలో కూడా చేర్చాల్సిందే.

బీమా ఉన్నా ఒక మెలిక ఉంది. అది ప్రమాద మరణానికే వర్తిస్తుంది. ఎండలో పనిచేసి రాత్రి నిద్రలో పోయినవాడి సర్టిఫికెట్‌లో సహజ మరణమనో గుండెపోటనో రాస్తారు. అప్పుడు బీమా రాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉంది. 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు వర్తిస్తుంది. దీనికి చావు కారణంతో పని లేదు. ఈ సంగతి తెలియక దరఖాస్తు పెట్టని ఇల్లు మీ ఊళ్లో ఉంటే చెప్పండి.

మన ప్రభుత్వాలు కూడా ఒత్తిడి లేనిదే కదలవు. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్‌కు పోయే కార్మికులకు ఉండాల్సిన కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గించింది. కరోనా కాలంలో ఉద్యోగాలు కాపాడటానికట. దానిపై తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది, గల్ఫ్ కార్మిక సంఘాలు పోరాడాయి. 2021లో పాత వేతనాలు మళ్లీ వచ్చాయి.

పోవద్దని ఎవరికీ చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు, ఆ డబ్బులతోనే నా పదో తరగతి పూర్తయింది. పోయేవాళ్లు ఏజెంటు లైసెన్స్ నంబరు ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. లైసెన్స్ ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. వీసాలో రాసిన పని, కఫీల్ పేరు ఎవరితోనైనా చదివించుకోండి. ఆజాద్ అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి. దిగాక కాంట్రాక్టు, పాస్‌పోర్టు, అకామా ఫోటోలు తీసి ఇంటికి పంపండి. కష్టం వస్తే విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇంటి నుంచి కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. కానీ ఆ కాగితాల వివరాలు లేకపోతే ఫిర్యాదు ముందుకు నడవదు. మా అమ్మ 2013లో కలెక్టరేట్‌కు పోయినప్పుడు కఫీల్ పేరు అడిగారు. అమ్మ దగ్గర నాయిన పంపిన ఫోటోలున్నాయి తప్ప ఆ పేరు లేదు.

అందుకని వార్డెన్ సార్‌ను ఒక్కటి అడిగాను, ఒప్పుకున్నారు. ఆఫీసు రూములో ఒక రిజిస్టర్ పెట్టాం. మన హాస్టల్ పాత విద్యార్థులు, ఇప్పుడున్న తమ్ముళ్ల అమ్మానాయినలు ఎవరు ఏ దేశంలో ఉన్నారో, వీసా ఏ పనిదో, కఫీల్ లేదా కంపెనీ పేరేమిటో అందులో రాస్తున్నాం. ఒక్కొక్కరికి ఒక పేజీ, వెనక కాంట్రాక్టు జిరాక్సు. ఇప్పటికి ముప్పై ఒక్క పేజీలు నిండాయి. అందులో పదకొండు పేజీల్లో కఫీల్ పేరు దగ్గర ఖాళీ ఉంది. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు ఆ రోజు సాయంత్రం ఆఫీసు రూముకు వచ్చి తమ పేజీ చూసుకోవాలి, వీలైతే అక్కడున్నవాళ్లకు ఫోన్ చేసి ఆ ఖాళీలు నింపాలి. శుక్రవారం అయితే తొందరగా దొరుకుతారు.